పెరటి పండ్లు, పొద్దుటి స్మూతీ: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద వచ్చాయి. పెరట్లోనో, డాబా మీద కుండీల్లోనో కాసిన పండ్లతో పొద్దున్నే స్మూతీ చేసుకుంటే ఏదో ఒక తేడా వస్తోందట. చేదెక్కుతోందని కొందరు, నల్లబడుతోందని కొందరు, పది గంటలకే ఆకలి వేస్తోందని ఇంకొందరు రాశారు. చాలావాటికి కారణం ఒకటే: ఏ పండు దొరికితే ఆ పండును ఒకే పద్ధతిలో పాలతో మిక్సీలో వేసి తిప్పేయడం. బొప్పాయి స్వభావం వేరు, జామ స్వభావం వేరు, సీతాఫలం దారి పూర్తిగా వేరు.

ప్రశ్న: మా ఇంట్లో రెండు రెడ్ లేడీ బొప్పాయి చెట్లు విరగకాస్తున్నాయి. పాలు పోసి స్మూతీ చేస్తే నేను తాగేటప్పుడు కమ్మగానే ఉంటుంది. అరగంట తర్వాత లేచి మా అబ్బాయి తాగేసరికి చేదుగా ఉంటోంది. పండులో లోపమా?
– ఒక సోదరి, తాడేపల్లిగూడెం

జవాబు: పండు మంచిదే. బొప్పాయి కాయ నుంచి కారే తెల్లటి పాలలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. పచ్చికాయలో ఎక్కువ, మాగేకొద్దీ తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. ఇది పాలలోని, పెరుగులోని ప్రోటీన్‌ను చిన్న చిన్న ముక్కలుగా తెగ్గొడుతుంది. ఆ ముక్కల్లో కొన్ని చేదుగా ఉంటాయి. మిక్సీలో తిప్పిన క్షణం నుంచే ఈ పని మొదలవుతుంది కాబట్టి వెంటనే తాగిన మీకు తెలియలేదు, ఆలస్యంగా తాగిన అబ్బాయికి తెలిసింది. ఫ్రిజ్‌లో పెడితే చేదు కాస్త నెమ్మదిగా వస్తుందే తప్ప రాకుండా పోదు. ముక్కల్ని ముందే గడ్డకట్టించినా అంతే. చలికి పపైన్ చావదు. వేడికి చస్తుంది గానీ దాదాపు మరిగేంత వేడి కావాలి, అప్పటికి బొప్పాయి ఉడికిన కూరముక్క వాసన వేస్తుంది.

చేదు ఎప్పుడు తగిలిందో చూస్తే కారణం పట్టుకోవచ్చు. మొదటి గుక్కలోనే చేదుగా, కాస్త మిరియపు ఘాటుతో ఉంటే గింజలు నలిగాయన్నమాట, లేదా తొక్క కింద ఆకుపచ్చ పొర మిగిలిపోయింది. తర్వాత తర్వాత చేదెక్కితే అది పపైన్ పనే.

మా సలహా: బొప్పాయికి పాలు, పెరుగు రెండూ మానేయండి. ఒకరికి బాగా మాగిన ముక్కలు 150 గ్రాములు (ఒక కప్పు), కొబ్బరినీళ్లు 100 మిల్లీలీటర్లు, నిమ్మరసం ఒక టీస్పూను, చిటికెడు ఉప్పు. తొక్కను పల్చగా గీకొద్దు, ఆకుపచ్చ ఏమాత్రం కనబడకుండా మందంగా చెక్కేయండి. గింజలతోపాటు వాటిని అంటిపెట్టుకున్న తెల్లటి పొరను కూడా చెంచాతో గీకి తీసేయండి. తిప్పాక, పావుగంట ముందే అరకప్పు నీళ్లలో నానబెట్టిన ఒక టీస్పూను సబ్జా గింజలు కలపండి. ప్రోటీన్ కోసం పక్కన ఉడికించిన గుడ్డో, పెసరట్టో తినండి. పెరుగు వేసుకోవాలనే ఉంటే ఎవరి గ్లాసు వాళ్లకు అప్పటికప్పుడు తిప్పి అయిదు నిమిషాల్లో తాగేయాలి.

ఇంకొక్క మాట. పక్షుల భయం ఉంటే కాయ అడుగున పసుపు చారలు కనబడగానే కోయండి. కాగితంలో చుట్టి మూడు నాలుగు రోజులు బయటే ఉంచితే మాగుతుంది. మాగకముందే ఫ్రిజ్‌లో పెడితే చలి దెబ్బకు తొక్క మీద గుంటలు పడతాయి, లోపల రుచి పట్టదు.

సీతంపేట ఏజెన్సీ అనాసపండ్లు పంపుతున్నారని మరొకరు రాశారు. అనాసలోనూ బ్రోమెలైన్ అనే ఎంజైమ్ ఇదే పని చేస్తుంది, కానీ అది వేడికి త్వరగా లొంగుతుంది. ముక్కల్ని నీళ్లు పోయకుండా గిన్నెలో వేసి, వాటి రసంలోనే అయిదారు నిమిషాలు మరగనిచ్చి, పూర్తిగా చల్లారాక పెరుగుతో తిప్పుకుంటే చేదు రాదు. నాలుక చురచురలాడటం కూడా తగ్గుతుంది. కాకపోతే ఆ వేడికి సి విటమిన్ కొంత పోతుంది.

ప్రశ్న: రోజూ ఏడున్నరకు మా పెరటి సపోటాలు మూడు, ఒక అరటిపండు, గ్లాసు పాలు, రెండు స్పూన్ల పంచదార వేసి స్మూతీ తాగి ఆఫీసుకు వెళ్తున్నాను. పది గంటలకల్లా కడుపు ఖాళీ. ఇంకో పండు చేర్చమంటారా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: చేర్చకండి, తగ్గించండి. మూడు సపోటాలు, అరటిపండు విడిగా తింటే నమలడానికే పదిహేను నిమిషాలు పడుతుంది, రెండో సపోటాకే చాలనిపిస్తుంది. అదే గ్లాసులో పోసుకుంటే రెండు నిమిషాల్లో అయిపోతుంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి వెళ్తుంది. దాన్ని పట్టి ఉంచేందుకు తోడుగా ప్రోటీన్ ఏమంత లేదు. గ్లాసు పాలలో ఉండేది ఆరేడు గ్రాములే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి ఆహార పళ్లెం లెక్కలో పండ్లు రోజు మొత్తానికి 100 గ్రాములు. మీరు తెల్లారేసరికే దానికి మూడింతలు దాటిస్తున్నారు.

టిఫిన్‌కు బదులుగా తాగే స్మూతీ కొలత ఇది, ఒకరికి: సపోటా, అరటి, మామిడిలో ఏదో ఒక్క పండు ముక్కలు 100 నుంచి 150 గ్రాములు. గట్టి పెరుగు 150 గ్రాములు. దోరగా వేయించి పొట్టు తీసిన వేరుశనగ గుళ్లు రెండు టేబుల్ స్పూన్లు (20 గ్రాములు). వేయించి కొట్టిన అవిసె గింజల పొడి ఒక టీస్పూను. నీళ్లు పావు కప్పు. పంచదార వద్దు. బెల్లం, తేనె వేసినా అదీ చక్కెరే. వేరుశనగ నుంచి అయిదు, పెరుగు నుంచి మరో అయిదు గ్రాముల దాకా ప్రోటీన్ వస్తుంది. మొత్తం 300 కేలరీలకు అటూ ఇటూ ఉంటుంది. వేరుశనగ పడనివాళ్లు పుట్నాల పప్పు వేసుకోవచ్చు, కాకపోతే ముందు దాన్ని పొడి చేసుకోవాలి, లేకపోతే గరుకు తగులుతుంది.

వేరుశనగను పండుతో కలిపి ఒకేసారి తిప్పితే పలుకులు మిగులుతాయి. ముందు గుళ్లు, పావు కప్పు నీళ్లు మాత్రమే వేసి చట్నీలా మెత్తగా తిప్పండి. ఆ తర్వాత పండు వేసి 30 సెకన్లు, చివర్లో పెరుగు వేసి అయిదారు సెకన్లు చాలు. పెరుగు వేశాక ఎక్కువసేపు తిప్పితే సగం గ్లాసు నురగే వస్తుంది.

రాగిపిండి కలుపుకుంటున్నామని కొందరు రాశారు. పచ్చిపిండి కలపొద్దు, సరిగా అరగదు. రెండు టేబుల్ స్పూన్ల పిండిని రాత్రే గ్లాసు నీళ్లలో జావ కాచి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టుకుని, పొద్దున నీళ్లకు బదులు అది పోసుకుంటే కడుపు నిలకడగా ఉంటుంది.

సపోటా విషయం: కోసేముందు కాయ మీద గోటితో గీయండి. కింద ఆకుపచ్చగా కనబడితే ఇంకా ముదరలేదు, పసుపు రంగు ఉంటే కోయొచ్చు. మాగని సపోటా స్మూతీలో పడితే నోరంతా పిడచకట్టుకుపోతుంది. దాన్ని ఏ తీపీ కప్పలేదు.

ప్రశ్న: జామపండు స్మూతీలో గింజలు ఇసుకలా తగులుతున్నాయి. ఎంతసేపు తిప్పినా నలగవు. పైగా వానాకాలం కాయల్లో పురుగులు కూడా.
– ఒక సోదరి, అనంతపురం

జవాబు: ఎక్కువసేపు తిప్పడమే అసలు పొరపాటు. జామగింజ రాయిలాంటిది, మిక్సీ దాన్ని మెత్తగా చేయదు, పగలగొట్టి ఇసుక చేస్తుంది. కాయను నాలుగు చెక్కలు చేసి, నడిమి గింజల గుజ్జును చెంచాతో తవ్వి తీయండి. ఆ గుజ్జు ఒక్కటే అర కప్పు నీళ్లతో మిక్సీలో వేసి, మిక్సీని ఎడమవైపు తిప్పి వదిలే పల్స్ మీద మూడు నాలుగుసార్లు మాత్రమే తిప్పండి. గింజలు విడిపోతాయి, పగలవు. టీ వడపోసే జల్లెడ సన్నం, అందులో గుజ్జు దిగదు. కాస్త పెద్ద కన్నాల జల్లెడలో గరిటెతో రుద్ది వడకట్టండి. ఆ రసంలో బయటి చెక్కలు, పెరుగు వేసి 30 సెకన్లు తిప్పండి. వేయించిన జీలకర్ర పొడి పావు టీస్పూను, చిటికెడు ఉప్పు వేస్తే చక్కెర గుర్తుకే రాదు.

జామలో పెక్టిన్ ఎక్కువ. చేసి పక్కన పెడితే గడ్డకట్టినట్టు బిగుసుకుంటుంది. అది పాడవడం కాదు, అర కప్పు చల్లటి నీళ్లు పోసి కలిపితే సర్దుకుంటుంది. ఒక్కరికి ఒక చిన్న కాయ చాలు. 100 గ్రాముల జామలో సి విటమిన్ 200 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది, ఆడవారికి రోజుకు కావలసింది 65, మగవారికి 80. రాగుల్లో, వేరుశనగలో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి కూడా ఇది తోడ్పడుతుంది, అందుకే రాగిజావకు జామ మంచి జోడీ.

పురుగుల సంగతి: అవి పండు ఈగ పిల్లలు. కాయ పక్వానికి వచ్చే సమయంలో ఈగ తొక్కలోకి సూదిలాంటి అవయవంతో గుడ్లు పెడుతుంది. పైన చిన్న చుక్క తప్ప ఏమీ కనబడదు. కాబట్టి వానాకాలంలో ఏ కాయనూ కోసి చూడకుండా మిక్సీలో వేయొద్దు. పురుగు పట్టిన కాయల్ని చెట్టు కిందే వదలకండి, ఎరువుగుంటలోనూ వేయకండి. అడుగున్నర, రెండడుగుల లోతున పూడ్చేయాలి, లేకపోతే అవే ఈగలై తిరిగి వస్తాయి. కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడే కాగితపు సంచో, పల్చటి గుడ్డ సంచో తొడగడం అన్నింటికంటే నమ్మకమైన పద్ధతి. మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు కూడా పెట్టుకోవచ్చు, కానీ వాటికి పడేవి మగ ఈగలే. పెరట్లో ఒకటి రెండు చెట్లు ఉన్నవాళ్లు సంచులనే నమ్ముకోండి.

ప్రశ్న: బాలానగర్ సీతాఫలం చెట్టు ఈ ఏడు బాగా కాసింది. గింజలు తీయడం పెద్ద పని. గింజలతోనే తిప్పి వడకట్టొచ్చా? ఒకసారి కాచిన వేడిపాలు పోస్తే చేదుగా వచ్చింది, ఎందుకు?
– ఒక పాఠకురాలు, షాద్‌నగర్

జవాబు: గింజలతో ఎట్టి పరిస్థితిలోనూ తిప్పొద్దు. సీతాఫలం గింజలో విషపదార్థాలున్నాయి. పల్లెల్లో పేలకు వాడే గింజ ఇదే, దాని పొడి కంట్లో పడితే కన్ను తీవ్రంగా దెబ్బతింటుంది. పొరపాటున ఒక గింజ మింగితే అది నలగకుండా బయటికి పోతుంది, భయం లేదు. నలిగిన గింజతోనే ప్రమాదం. వడకట్టినా లోపలి రసం పోదు.

సులువైన దారి ఇది. బాగా మాగిన పండు గుజ్జును చిల్లుల గిన్నెలో వేసి, రెండు మూడు చెంచాల చల్లటి పాలు పోసి, చేతి వేళ్లతోనో చెక్క గరిటెతోనో గుండ్రంగా రుద్దండి. గింజలు పైన నిలుస్తాయి, గుజ్జు కిందికి దిగుతుంది. తొక్కను ఆనుకుని ఉండే పలుకు పలుకు పొరను గీకి వేయకండి, స్మూతీ అంతా గరగరలాడుతుంది. కింద పాత్రలో పడ్డ గుజ్జులో ఒక్క గింజ కూడా లేదని చేత్తో తడిమి చూసుకున్నాకే మిక్సీ దగ్గరికి వెళ్లండి. నిజానికి ఈ గుజ్జుకు మిక్సీ అక్కర్లేదు, కవ్వంతో చిలికితే చాలు.

చేదుకు కారణం వేడి. సీతాఫలం గుజ్జు వేడెక్కితే చేదెక్కుతుంది. పాలు కాచి, పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో ఉంచినవే పోయండి. గుజ్జు అర కప్పు, చల్లటి పాలు ముప్పావు గ్లాసు, నానబెట్టి పొట్టు తీసిన బాదం అయిదారు. ఇందులో తీపి పుష్కలం, అరటిపండు కలపనక్కర్లేదు.

ప్రశ్న: చక్కెరకేళి గెల ఒక్కసారే పండిపోతోంది. ఫ్రీజర్‌లో పెడితే నల్లబడుతున్నాయి, స్మూతీ కూడా బూడిదరంగుకు తిరుగుతోంది.
– ఒక సోదరుడు, రావులపాలెం

జవాబు: ముందుగా గెలను మొత్తంగా ఇంట్లో వేలాడదీయకండి. కాయ గుండ్రంగా బలిసి, అంచులు తగ్గినప్పుడు పై అత్తాలు రెండు కోసి మాగబెట్టండి, మిగతావి చెట్టునే నాలుగైదు రోజులు ఆగుతాయి.

తొక్కతో ఫ్రీజర్‌లో పెడితే తొక్క నల్లబడి, పండుకు అతుక్కుపోతుంది. తొక్క ఒలిచి, అంగుళం ముక్కలు కోసి, నిమ్మరసం అర టీస్పూను చిలకరించి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి గడ్డకట్టించండి. గట్టిపడ్డాక డబ్బాలోకి మార్చి గట్టిగా మూతపెట్టండి. నెల రోజులు నిక్షేపంగా ఉంటాయి. కరెంటు పోయి కరిగిపోతే ఆ రోజే వాడేయండి, మళ్లీ గడ్డకట్టించొద్దు.

రంగు మారడం పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ వల్ల. నిమ్మరసం దాన్ని నెమ్మదింపజేస్తుంది. ఈ ఎంజైమ్ రంగుతోనే ఆగదు. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు బెర్రీల మిశ్రమంతో, అరటితో విడివిడిగా స్మూతీలు ఇచ్చి చూస్తే, అరటి కలిసినప్పుడు ఫ్లేవనాల్స్ అనే మేలుచేసే పదార్థాలు ఒంటికి అందడం 84 శాతం తగ్గింది. అరటిపండు చెడ్డదని దీని అర్థం కాదు. కోకో పొడి, బెర్రీలు వాటి గుణం కోసమే వాడుతుంటే అరటితో కలపకండి. అరటికి పెరుగు, వేరుశనగ, నువ్వులు చక్కగా కుదురుతాయి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. పండ్లన్నీ మా తోటవే, మందులు కొట్టనివి. పొద్దున స్మూతీ తాగొచ్చా?
– ఒక రైతు, జగిత్యాల

జవాబు: మందు కొట్టని పండైనా అందులో చక్కెర అంతే ఉంటుంది. మీకు మా మొదటి సలహా: పండును నమిలి తినండి. స్మూతీయే కావాలంటే జామ 80 నుంచి 100 గ్రాములు, పెరుగు 150 గ్రాములు, వేరుశనగ గుళ్లు 20 గ్రాములు, అవిసె పొడి ఒక టీస్పూను, పైన చెప్పిన పద్ధతిలో చేసుకోండి. మామిడి, సపోటా, సీతాఫలం, అరటి స్మూతీలోకి వద్దు. ఇది ఇడ్లీ మీద అదనంగా కాదు, ఇడ్లీల్లో ఒకటో రెండో తగ్గించుకుని తాగాలి. తాగడం మొదలుపెట్టిన రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుని రాసిపెట్టండి. మామూలు టిఫిన్ తిన్న రోజు అంకెనూ రాయండి. ఆ రెండూ చూపిస్తే మీ డాక్టరుగారు మీ ఒంటికి సరిపోయే మాట చెప్పగలరు. ఇన్సులిన్ తీసుకునేవారు డాక్టరును అడగకుండా టిఫిన్ మార్చకూడదు.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి మరింత గట్టిగా చెప్పాలి. అరటి, సపోటా వంటి వాటిలో పొటాషియం ఎక్కువ, డాక్టరు చెప్పిన కొలత దాటొద్దు. స్టార్ ఫ్రూట్ చెట్టు పెరట్లో ఉంటే దాన్ని రసంగా గానీ, ముక్కగా గానీ అస్సలు ముట్టొద్దు. అందులోని విషం ఆరోగ్యవంతుల్లో మూత్రంలో పోతుంది, కిడ్నీలు పనిచేయని వారిలో మెదడుకు ఎక్కి ఎక్కిళ్లు, మూర్ఛలు తెస్తుంది. పంపరపనస కూడా కొన్ని కొలెస్ట్రాల్ మందులు, బీపీ మందులతో కలిస్తే వాటి మోతాదు రక్తంలో పెరిగేలా చేస్తుంది. రోజూ మందులు వేసుకునేవారు అడిగి తెలుసుకోవాలి.

ప్రశ్న: పాలు, పండు కలపకూడదని మా అత్తగారు అంటారు. నిజమేనా?
– ఒక సోదరి, ఒంగోలు

జవాబు: మీ అత్తగారి మాటకు ఆయుర్వేదంలో ఆధారం ఉంది. పులుపు పండ్లను పాలతో కలిపి తీసుకోవడాన్ని చరకసంహిత విరుద్ధాహారంగా చెప్పింది. వంటింటి లెక్కలో చూసినా పుల్లని పండు పాలను విరిచేస్తుంది, గ్లాసులో తరకలు తేలతాయి. బత్తాయి, అనాస, పుల్ల మామిడిని పాలతో కలపకండి. తియ్యటి బంగినపల్లి, సపోటా, సీతాఫలంతో పాలు విరగవు. పాలు పడక కడుపు ఉబ్బరించేవారికి పెరుగు నయం. ఇంట్లో పట్టింపు ఉంటే వేరుశనగ పాలు వాడండి: గుళ్లు పావు కప్పు రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు పారబోసి, గ్లాసు మంచినీళ్లతో రుబ్బి వడకట్టి, ఒక పొంగు రానిచ్చి చల్లార్చాలి. అందరూ కలిసి తాగొచ్చు.

మరికొన్ని, క్లుప్తంగా

*రసాలు (రసం మామిడిపండ్లు) పిండి దాచుకోవచ్చా? (నూజివీడు)* దాచుకోవచ్చు. ముందు కాయల్ని అరగంట నీళ్లలో వేసి, తొడిమ చుట్టూ సెంటీమీటరు మేర కోసి పారేయండి. సొన మిగిలితే పెదవులు పొక్కుతాయి. పిండిన రసాన్ని పీచు లేకుండా వడకట్టి, కప్పుకు టీస్పూను నిమ్మరసం కలిపి, ఐస్ ట్రేలలో గడ్డకట్టించి, డబ్బాలో వేసుకోండి. రెండు నెలలు వాడొచ్చు. ఒక గ్లాసుకు నాలుగు ముక్కలు.

*గబ్బిలాలు కొరికిన జామకాయ, ఆ మేర కోసేసి వాడొచ్చా? (రంపచోడవరం)* వద్దు. కాయ మొత్తం పారేయండి. గబ్బిలాల లాలాజలం ద్వారా నిపా వంటి వైరస్‌లు రావొచ్చు, 2018లో కేరళలోని కోజికోడ్‌లో ఆ జబ్బు ప్రాణాలు తీసింది. పక్షి పొడిచిందో, గబ్బిలం కొరికిందో గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి, గాటు ఉంటే పారేయడమే.

*ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ స్మూతీ తాగాక మూత్రం ఎర్రగా వచ్చింది. (కొంపల్లి)* పండు రంగే దిగింది, బీట్‌రూట్ తిన్నప్పుడు వచ్చినట్టే. రెండు రోజుల్లో పోవాలి. పండు మానేసినా రంగు తగ్గకపోతే పరీక్ష చేయించుకోండి.

*స్కూలుకు సీసాలో పోసి పంపొచ్చా? (విజయనగరం)* బొప్పాయి, అనాస తప్ప మిగతావి పంపొచ్చు. స్టీలు ఫ్లాస్కును రాత్రే ఫ్రిజ్‌లో ఉంచి, గడ్డకట్టిన పండుముక్కలతో చేసిన స్మూతీ పోయండి. చల్లదనం నిలవని మామూలు సీసా అయితే రెండు గంటలు దాటించొద్దు, ఎండాకాలంలో గంటే.

*మిక్సీ మధ్యలో ఆగిపోతోంది. (నల్గొండ)* జార్ మూడింట రెండొంతులకు మించి నింపుతున్నారు, లేదా గడ్డకట్టిన పండు నీళ్లు లేకుండా వేస్తున్నారు. స్విచ్ తీసి, ప్లగ్ పీకి, పది నిమిషాలు చల్లారనిచ్చి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కండి. గడ్డకట్టిన ముక్కలు వేసేముందు అయిదు నిమిషాలు బయట ఉంచి, ద్రవం ముందు పోయాలి. 500 వాట్ల మిక్సీలో ఐసు ముక్కలు వేయకండి.

*జార్ కడిగినా పులిసిన వాసన వస్తోంది. (మదనపల్లె)* వాసన జార్‌లో లేదు, మూతకున్న రబ్బరు కింద ఉంది. రబ్బరును చెంచా కాడతో పైకి లేపి తీసి, వంటసోడా అర టీస్పూను కలిపిన గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో గాడిని రుద్దండి. జార్ అడుగున బ్లేడు ఇరుసు దగ్గర కూడా అలాగే రుద్ది, బోర్లించకుండా పక్కకు పడుకోబెట్టి ఆరనివ్వండి. రబ్బరు బీటలు వారి ఉంటే కొత్తది వేయించండి.